తాకిడికీ కాటుకీ మధ్య

సాలీడును మెచ్చుకునేవాళ్ళు మామూలుగా గూడు దగ్గరే ఆగిపోతారు. మంచు బిందువులు పట్టిన సాలెగూడు ఫొటో చూడనివాళ్ళు ఉండరు. శ్రీకాళహస్తి కథ వింటూ పెరిగినవాళ్ళం గనక, శివుడికి తన దారంతోనే గుడి అల్లిన సాలీడు మనకు భక్తుడు, నేతగాడు. దాని వేటను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నాకు ఆ వేటే ఎక్కువ అబ్బురం. గూడు ఎంత గొప్పదైనా పురుగును కాసేపు ఆపుతుంది, అంతే. ఆ కాసేపు చాలాసార్లు కొద్ది సెకన్లకు మించదు. గట్టి కాళ్ళున్న మిడత నాలుగు తన్నులు తన్నితే దారాలు తెగి బయటపడుతుంది. రెక్కల పురుగైతే తన్నే పనే లేకుండా జారిపోతుంది. ఆ కొద్ది సెకన్లలో సాలీడు ఏం చేస్తుంది, ఏ వరసలో చేస్తుంది, ఏ పురుగుకు ఆ వరస ఎలా మారుస్తుంది అన్నదాంట్లో ఉంది అసలు పనితనం.

మన ఊళ్ళలో ఈ వేట చూడ్డానికి అన్నిటికన్నా అనువైనది ఆర్జియోపి అనే సాలీడు. దొండ పందిరి పక్కన, గోరింట కంచెలో, కిత్తనార మట్టల మధ్య, బ్రహ్మజెముడు పొదల్లో, ఎక్కువగా నడుము ఎత్తుకు లోపే గూడు కడుతుంది. ఆడది సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది; పొట్ట మీద పసుపు, గోధుమ, వెండి రంగు పట్టీలు. మగది పక్కన కనబడితే దాని పిల్లేమో అనుకుంటాం, అంత చిన్నది. ఆడది ఎనిమిది కాళ్ళనూ జతలు జతలుగా కలిపి చాపి, గూడు మధ్యలో గుణకారపు గుర్తు ఆకారంలో కూర్చుంటుంది. చాలాసార్లు ఆ కాళ్ళ వరసలోనే తెల్లటి దారంతో వంకరటింకర గీతలు కూడా గీసి ఉంటాయి. మన దగ్గర తరచుగా కనబడే ఆర్జియోపి అనసూజాకు ఆ శాస్త్రీయనామం పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త టామర్లాన్ థోరెల్, 1887లో. ఇది పగలంతా గూడు మధ్యలోనే, అందరికీ కనబడేలా కూర్చుంటుంది. కాబట్టి చూసేవాడికి టార్చిలైటు అక్కర్లేదు, జాగారమూ అక్కర్లేదు. పొద్దుగూకాక వరండా దీపాల దగ్గర గూడు కట్టి, తెల్లారేసరికి మడిచి మింగేసి ఆకు చాటున దాక్కునే సాలీళ్ళతో ఈ సౌకర్యం లేదు.

ముందు దాని కూర్చునే తీరు చూడాలి. తల కిందికి, పొట్ట పైకి. దీనికో లెక్క ఉంది. ఇంత బరువైన పొట్ట మోసే సాలీడు కిందికి పరిగెత్తినంత వేగంగా పైకి ఎక్కలేదు. కాబట్టి కింది భాగంలో పడ్డ పురుగును అందుకోవడం దానికి సులువు. గూడు కట్టడమూ ఆ లెక్కకు తగ్గట్టే. సాలీడు కూర్చునే బొడ్డు నట్టనడుమ ఉండదు, కాస్త పైకి జరిగి ఉంటుంది; కింద వల ఎక్కువ, పైన తక్కువ. సైక్లోసా అనే చిన్న సాలీళ్ళలో తల పైకి పెట్టి కూర్చునే రకాలు కొన్ని ఉన్నాయి. జపాన్‌లో కెన్సుకె నకాటా, స్విట్జర్లాండ్‌కు చెందిన శామ్యుయెల్ చొక్కె వాటిని పరిశీలించి 2010లో ప్రకటించిన విషయం ఏమిటంటే, ఆ రకాల గూళ్ళలో బొడ్డు కిందికి జరిగి ఉంటుంది, పైభాగమే పెద్దది. అంటే కూర్చునే తీరు, పరుగు, గూడు ఆకారం మూడూ కలిసి ఒకే కొలత.

భూమ్మీద ఉండే బరువే లేకపోతే ఆ కొలత ఏమవుతుందో కూడా చూశారు. 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి అనీటా, అరబెల్లా అనే రెండు సాలీళ్ళు వెళ్ళాయి. ఆ ఆలోచన జుడిత్ మైల్స్ అనే అమెరికన్ హైస్కూలు విద్యార్థినిది. చాలా ఏళ్ళ తర్వాత, 2011లో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మళ్ళీ సాలీళ్ళ చేత గూళ్ళు కట్టించారు. బరువు లేనిచోట గూళ్ళు పైకీ కిందికీ సమంగా వచ్చాయి. అయితే దీపం వెలుగుతుండగా కట్టిన గూళ్ళలో బొడ్డు దీపం ఉన్న వైపుకు జరిగి ఉంది. ఏది కిందో చెప్పే బరువు పోతే, వెలుతురు ఉన్న వైపు పైకి అని లెక్క వేసుకుంది ఆ జీవి.

సాలీడుకు ఎనిమిది కళ్ళున్నా వేటలో చూపుతో ఒరిగేది తక్కువ. పని జరిగేది కాళ్ళతో. కాళ్ళ పైపెంకులో, ముఖ్యంగా కీళ్ళ దగ్గర, కంటికి కనబడనంత సన్నని చీలికలుంటాయి. పెంకు పిసరంత ఒత్తుకుపోయినా, సాగినా ఆ చీలికల కింద ఉన్న నరానికి తెలుస్తుంది. ఒక్కొక్క కాలు గూడులో ఒక్కో దిక్కుకు పోయే దారాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఏ కాలికి కదలిక ముందుగా, గట్టిగా తెలిసిందో పురుగు ఆ వైపున ఉన్నట్టు. 2022లో అమెరికాలో బింగ్‌హామ్టన్, కోర్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. వంతెన రెయిలింగుల మీద కాపురముండే ఒక రకం సాలీడు, గాలిలో వచ్చే శబ్దాన్ని కూడా తన గూడు ద్వారా వింటోందని నిరూపించారు. ఒంట్లో ఉండాల్సిన చెవిని ఒంటికి బయట, తన ఒంటికంటే ఎన్నో రెట్లు పెద్దదిగా అల్లుకుని, పాతబడితే మింగేసి, మర్నాడు కొత్తది కట్టుకునే జీవి ఇంకొకటి నాకు తట్టడం లేదు.

గూడు సంగతి ఇక్కడ వేటకు కావలసినంత వరకే చెబుతాను. బండి చక్రానికి ఆకుల్లా బొడ్డు నుంచి అంచుకు పోయే దారాలు ఒక రకం; వాటి మీద గుండ్రంగా చుట్టుకుంటూ వచ్చే దారం మరో రకం. ఆకులు గట్టివి, పెద్దగా సాగవు, అంటుకోవు. కదలికను మోసుకొచ్చేవి అవే, సాలీడు నడిచే దారులూ అవే. చుట్టుదారం మెత్తటిది, తెగకుండా తన పొడవుకు రెండింతలకు పైగా సాగుతుంది, ఒంటినిండా జిగురు పూసలు. సాలీడు ముందు అంటుకోని దారంతో లోపలి నుంచి బయటికి ఒక తాత్కాలికపు చుట్టు వేసుకుని, తర్వాత బయటి నుంచి లోపలికి జిగురుదారం వేసుకుంటూ, ఆ పాత చుట్టును తీసేస్తూ వస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే జిగురు పూసలు వరసగా, ఇంచుమించు సమదూరంలో కనిపిస్తాయి. సాలీడు వాటిని ఒక్కొక్కటిగా పెట్టలేదు. దారం మీద పలచగా పూసిన జిగురు గాలిలోని తేమ పీల్చుకుని తనంతట తనే పూసలుగా విడిపోతుంది. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రిట్జ్ ఫోల్రాత్, డొనాల్డ్ ఎడ్మండ్స్ ఆ పూసల లోపల ఏముందో వెల్లడించారు. వదులైన దారం ఆ బొట్టులోకి చుట్టుకుపోయి దాగి ఉంటుంది. పురుగు గుంజితే బొట్టులోంచి దారం బయటికి వస్తుంది, వదిలితే మళ్ళీ లోపలికి పోతుంది. అందుకే సాలెగూడు గాలికి ఊగినా వేళ్ళాడదు. గుంజుకునే పురుగుకు కాలు ఊనుకోవడానికి గట్టి ఆధారం దొరకదు. ఎంత గుంజితే అంత సాగే దారాన్ని తన్ని తెంచడం కష్టం. ఇదంతా కట్టడానికి సాలీడుకు గంట లోపే పడుతుంది. మొత్తం దారం బరువు ఒక మిల్లీగ్రాము కూడా తూగదు.

ఇక వేట. మిడత ఒకటి ఎగిరొచ్చి గూడు కింది భాగంలో పడిందనుకోండి. గూడు ఒక్కసారి లోపలికి గుంటపడి మళ్ళీ సర్దుకుంటుంది. ఆ ఊపు ఆగకముందే సాలీడు తల ఆ వైపు తిప్పుకుని ఉంటుంది. మిడత తన్నుకుంటూ ఉంటే మరో ఆలోచన లేకుండా పరుగు. బిగుసుకుపోయి కదలకుండా ఉంటే, సాలీడు ముంగాళ్ళతో ఆకుదారాలను గబుక్కున లాగి వదులుతుంది. ఖాళీ దారం కదిలే తీరు వేరు, బరువు వేలాడుతున్న దారం కదిలే తీరు వేరు. ఆ తేడాను బట్టి పురుగు ఎక్కడుందో పట్టేస్తుంది. పడింది పురుగా, ఎండుటాకా అన్న సంశయం కూడా ఇక్కడే తీరుతుంది. బొడ్డు వదిలేముందు అక్కడ ఒక దారం అతికించుకుని, దాన్ని వెనకాలే వదులుతూ దిగుతుంది. తిరుగు ప్రయాణానికి అదే దారి.

మిడత దగ్గరికి చేరాక జరిగేది కంటికి చిక్కడం కష్టం. ఇప్పటి ఫోన్లలో స్లో మోషన్ ఉంది గనక కాస్త వీలైంది. ముంగాళ్ళతో ఒక్కసారి తాకుతుంది. తాకీ తాకగానే ఒళ్ళు తిప్పి మిడతకు వీపు పెడుతుంది. మిడతకు అతి దూరంగా ఉండేది సాలీడు నోరు, అతి దగ్గరగా ఉండేవి పొట్ట చివర దారం తీసే మొనలు. వెనక కాళ్ళు రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఆ మొనల దగ్గరికి పోయి, దారం లాగి, మిడత మీదికి విసురుతాయి. వచ్చేది ఒంటి దారం కాదు. వందకు పైగా సన్నని పోగులు పక్కపక్కనే కలిసిన పలచటి తెల్లటి పట్టీ. వెలుతురుకు అడ్డంగా నుంచుని చూస్తే ఆ పట్టీ విప్పారుతూ కాలి నుంచి మిడత దాకా పరుచుకోవడం స్పష్టంగా కనబడుతుంది. పొట్టివైన మూడో జత కాళ్ళు మిడతను మెల్లగా తిప్పుతుంటాయి. ముందున్న రెండు జతలు గూడును పట్టుకుని ఒంటి బరువు మోస్తాయి. నాలుగు జతలకూ మూడు వేరు వేరు పనులు, అన్నీ ఒకేసారి, చూపు సాయం లేకుండా. మిడత వెనక కాళ్ళకు ముళ్ళున్నాయి, దవడలకు కొరికే సత్తా ఉంది. సాలీడు తన మెత్తటి పొట్టనూ, తలనూ వాటికి ఎక్కడా అందనివ్వదు.

ఈ చుట్టే దారం ప్రత్యేకమైనది. గుండ్రటి గూడు కట్టే ఆడ సాలీడు ఒంట్లో ఏడు రకాల పట్టు గ్రంథులుంటాయి. ఆకుకు ఒకటి, చుట్టుకు ఒకటి, జిగురుకు ఒకటి, గుడ్ల సంచికి ఒకటి, అలా. చుట్టే దారానికి అంటూ వేరే గ్రంథుల గుంపే ఉంది. ఆర్జియోపిలో ఒక రకం మీద 2004లో వెలువడిన పరిశోధన ప్రకారం, తెగడానికి ముందు అన్నిటికన్నా ఎక్కువ శక్తిని ఓర్చుకునే దారం ఇదే. సినిమాలూ పత్రికలూ ఉక్కుతో పోల్చి పొగిడేది సాలీడు వేళ్ళాడే దారాన్ని; ఇది దానికన్నా మొండిది. తన్నే పురుగును కట్టిపడేయడానికి కావలసిన గుణమూ అదే కదా.

మిడత కదలిక తగ్గాక గానీ కాటు పడదు. అది కూడా పట్టీ పైనుంచే, చిన్న కాటు. విషం ఎక్కే దాకా సాలీడు తొందరపడదు. కొన్నిసార్లు మిడతను అక్కడే వదిలి బొడ్డుకు వెళ్ళిపోయి, కాసేపటికి తిరిగి వస్తుంది. వచ్చాక మూట చుట్టూ ఉన్న జిగురుదారాలను ఒక్కొక్కటే కొరికి తెంపుతుంది. మూట చిన్నదైతే కోరలతో పట్టుకుని ఎక్కుతుంది. పెద్దదైతే పొట్ట చివరి నుంచి చిన్న దారంతో వేలాడదీసి, వెనక కాలితో పట్టుకుని మోసుకుపోతుంది. బొడ్డు దగ్గర కట్టేసి, ఇంకో రెండు చుట్లు చుట్టి, తను మళ్ళీ తల కిందికి తిరిగి కూర్చున్నాకే తిండి. జీర్ణరసం వదులుతూ, నములుతూ, పీలుస్తూ గంటల తరబడి తింటుంది. చివరికి మిగిలేది నల్లటి చిన్న ఉండ.

ఇదంతా ఒకే పద్ధతిలో సాగితే దాన్ని యంత్రం అనుకుని ఊరుకోవచ్చు. అలా ఊరుకోనివ్వకుండా చేసినవాడు మైకేల్ రాబిన్సన్. బ్రిటన్‌లో పుట్టి, పనామాలోని స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసి, తర్వాత వాషింగ్టన్ జాతీయ జంతు ప్రదర్శనశాలకు డైరెక్టర్ అయినవాడు. అక్కడి వెండి ఆర్జియోపి గూళ్ళలో రకరకాల పురుగులను వేసి, సాలీడు చేసే ప్రతి పనికీ ఒక పేరు పెట్టి, ఏ పని తర్వాత ఏ పని వస్తోందో రాసుకున్నాడు. 1969లో మొదట, 1971లో ఇంకా విపులంగా ప్రచురించాడు. సాలీడు ప్రవర్తనను ఒక పనివాడి పనిని చూసినంత శ్రద్ధగా, విడివిడి అంగాలుగా చూసిన రచనలవి. ఈ విషయంలో ఆసక్తి ఉన్నవాళ్ళు మొదట చదవాల్సినవి అవే అని నా అభిప్రాయం.

రాబిన్సన్ తేల్చింది ఇది. మిడత, కీచురాయి, పెంకుపురుగు లాంటివైతే ముందు చుట్టడం, తర్వాత కాటు. మరీ చిన్న ఈగ అయితే చుట్టడమే లేదు. కోరలతో పట్టి ఊడబెరికి తీసుకుపోవడమే. సీతాకోకచిలుక గానీ, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు గానీ అయితే వరస తలకిందులు. ముందు కాటు, అదీ వదలకుండా పట్టుకుని ఉండే పొడుగు కాటు. పురుగు ఆగాకనే చుట్టడం.

ఎందుకన్నదానికి జవాబు అంతకు ముందే, 1964లో, కోర్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్ బృందం ఇచ్చింది. సీతాకోకచిలుకను పట్టుకుంటే మన వేళ్ళకు పొడి అంటుతుందే, ఆ పొడి నిజానికి రెక్కల మీది పొలుసులు. అవి ఊడిపోయేలానే అతుక్కుని ఉంటాయి. జిగురు పట్టుకునేది ఆ పొలుసులను. పురుగు వాటిని అక్కడే వదిలేసి రెక్కలు కొట్టుకుంటూ కిందికి జారి ఎగిరిపోతుంది. గూడు మీద దాని ఒంటి ముద్ర మాత్రం మిగులుతుంది. మిడత విషయంలో గూడు ఇచ్చే వ్యవధి కాస్త ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. కాబట్టి దూరం నుంచి చుట్టడం మేలు. రెక్కల పురుగుతో ప్రమాదం లేదు, వ్యవధి అంతకన్నా లేదు. చుట్టడం మొదలుపెడితే అది ముగిసేలోపు పురుగు ఉండదు. ఆ ఊపులో, తాకిన క్షణంలో ఈ రెంటినీ వేరు చేసి, సరైన వరసను ఎంచుకోవాలి.

ఇది అనుభవంతో నేర్చుకున్నదా? రాబిన్సన్, ఆయన భార్య బార్బరా కలిసి అంతకు ముందు అలాంటి పురుగులను ఎరగని సాలీళ్ళను పరీక్షించి 1976లో రాశారు: ఈ విచక్షణ పుట్టుకతో వచ్చేదే. నేర్పినవాడు లేడు, తల్లి పక్కన కూర్చుని చూసింది లేదు. గుడ్ల సంచిలోంచి బయటికి వచ్చేనాటికే ఏ పురుగుకు ఏ వరసో దాని ఒంట్లో ఉంది.

తూర్పు కనుమల అడవుల్లో కనబడే నెఫిలా గురించి ఇక్కడ చెప్పాలి. కాళ్ళు చాపితే అరచేతిని కప్పేంత పెద్దది, బంగారు రంగు దారంతో దారికి అడ్డంగా గూడు కట్టేది. ఇది ఏ పురుగునైనా ముందు కరుస్తుంది, తర్వాతే చుట్టడం. ముందు చుట్టే విద్య దీనికి లేదు. ఆ తేడా ఎంత ఖరీదైనదో ఐస్నర్ 1976లో చూపించాడు. బాంబార్డియర్ పెంకుపురుగు అని ఒకటుంది. ముట్టుకుంటే పొట్ట చివరి నుంచి మరిగే వేడితో ఘాటైన రసాయనం చిమ్ముతుంది. దాన్ని అమెరికాలోని నెఫిలా గూడులో వేస్తే, సాలీడు నేరుగా కరవబోయి ముఖం మీద చిమ్మించుకుంది, పెంకుపురుగు చాలాసార్లు తప్పించుకుంది. ఆర్జియోపి మాత్రం మెత్తగా చుట్టుకుంటూ పోయింది. ఆ చుట్టడానికి పెంకుపురుగు తుపాకీ పేల్చలేదు. కాటు పడ్డాక పేల్చినా అప్పటికే మూటలో ఉంది. ఒక పనిని ముందు చెయ్యడమా వెనక చెయ్యడమా అన్న ఒక్క మార్పు వల్ల ఒకదానికి తిండి, ఇంకొకదానికి వాత.

నెఫిలా తెలివి మరోచోట ఉంది. విషపు మొక్కలు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకునే ఒక రెక్కల పురుగు దాని గూడులో పడితే, రుచి తెలిసిన వెంటనే చుట్టూ ఉన్న దారాలను తనే తెంపి పురుగును వదిలేస్తుంది. ఆ పురుగుకు దగ్గరి చుట్టం మన జనుము చేలలో ఉంది. తెల్ల రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలు.

తేనెటీగ, కందిరీగ పడ్డప్పుడు ఆర్జియోపి చేసే పని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. చుట్టేలోగా ముల్లు కాలికి దిగితే, కొద్ది సెకన్లలో ఆ కాలును మొదలంటా తెంపేసుకుంటుంది. విషం ఒంట్లోకి పాకకముందే. ఐస్నర్, స్కాట్ కమజీన్ 1983లో తేనెటీగ విషంలోని పదార్థాలను విడివిడిగా ఎక్కించి చూశారు. మనుషులకు నొప్పి పుట్టించేవే సాలీడు చేత కాలు తెంపించాయి. ఏడు కాళ్ళతో వేటాడే ఆర్జియోపి ఎక్కడైనా కనబడితే దాని వెనక ఇలాంటి కథ ఉండవచ్చు.

పుట్టుకతో వచ్చిందని చెప్పాను గానీ, అనుభవానికి చోటు లేదని కాదు. నకాటా జపాన్‌లో ఒక సైక్లోసా సాలీడుకు కొన్ని రోజుల పాటు గూడు పక్క భాగాల్లోనో, పై కింది భాగాల్లోనో మాత్రమే పురుగులు వేశాడు. తర్వాత అది బొడ్డులో కూర్చుని, తిండి దొరికిన వైపు దారాలను మరింత గట్టిగా లాగి పట్టుకోవడం మొదలుపెట్టింది. బిగిసిన దారం కదలికను బాగా మోస్తుంది. అంటే ఎటు నుంచి తిండి వస్తుందని ఆశ ఉందో అటు చెవి ఒగ్గి కూర్చుందన్నమాట. రాఫెల్ రోడ్రిగెజ్ బృందం నెఫిలా దాచుకున్న మూటలను అది చూడకుండా తీసేసింది. సాలీడు వెతుకుతుంది, ఎక్కువ మూటలు పోతే ఎక్కువసేపు వెతుకుతుంది. ఎన్ని పట్టిందో దానికి గుర్తుందని 2015లో వారు రాశారు. ఈ జ్ఞాపకం అవసరమే, ఎందుకంటే ఆర్జిరోడిస్ అనే వెండి రంగు బుల్లి సాలీళ్ళు నెఫిలా, ఆర్జియోపి గూళ్ళ అంచుల్లోనే కాపురముండి, మూటలు ఎత్తుకుపోతుంటాయి.

గూడునే వదిలేసిన చుట్టాలు కూడా ఈ కుటుంబంలో ఉన్నాయి. అమెరికా ఖండాల్లోని మాస్టోఫోరా సాలీడు రాత్రిపూట ఒకే ఒక్క దారానికి చివర పెద్ద జిగురు బొట్టు పెట్టి కాలితో పట్టుకుని వేళ్ళాడుతుంది. ఆడ రెక్కల పురుగు వదిలే వాసనను తను వదులుతుంది. ఆ వాసనకు వచ్చిన మగ పురుగును ఆ బొట్టుతో కొడుతుంది. విలియం ఎబర్‌హార్డ్ 1977లో ఈ వాసన సంగతి బయటపెట్టాడు. పొలుసులు ఊడ్చుకుని జారిపోయే పురుగును పట్టడానికి గూడంతా మానేసి జిగురంతా ఒక్క బొట్టులో పెట్టింది. గూడు కన్నా వేటగాడే ముఖ్యమన్న నా మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మన వరి పొలాల్లో గూడు కట్టే సాలీళ్ళకు ఉన్న పని రైతుకు దగ్గరి విషయం. ఆసియా వరి చేలల్లో ఆర్జియోపి కాటెన్యులాటా, దానితో పాటు ఆకుల వెంట ఒళ్ళు సాగదీసి పుల్లలా పడుకునే పొడవు దవడల సాలీడు టెట్రాగ్నాతా గూళ్ళు కట్టి, మిడతలను, కాండం తొలుచు పురుగు రెక్కల పురుగులను, పచ్చదోమలను పడతాయి. అక్షింతల పురుగుతో పాటు సాలీళ్ళను కూడా మిత్రపురుగుల జాబితాలో చెబుతారు గానీ, పిచికారీ మొదలయ్యాక ముందు పోయేది ఈ మిత్రులే. గట్టు మీది గడ్డినంతా గోకేసినా పోతాయి. గూడు కట్టుకోవడానికి రెండు ఆధారాలు కావాలి కదా. చేనిలో తెల్లవారుజామున ఎన్ని గూళ్ళున్నాయో చూసుకున్నాకే మందు సంగతి ఆలోచించే రైతుల పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది.

గూడు మధ్య ఆ తెల్లటి గీతలు దేనికన్నది మాత్రం ఇప్పటికీ వాదనే. అతినీలలోహిత కాంతిని మెరిపించి పురుగులను ఆకర్షిస్తాయని కాథరిన్ క్రెయిగ్, గ్యారీ బెర్నార్డ్ 1990లో వాదించారు. పిట్టలు గూడులోంచి దూసుకుపోకుండా హెచ్చరిక అని కొందరు, సాలీడు ఆకారాన్ని పెద్దగా చూపడానికని మరికొందరు. ఒకే సాలీడు ఒకరోజు నాలుగు గీతలు, మరోరోజు రెండు, ఇంకోరోజు ఒక్కటీ గీయకపోవడం ఎవరైనా చూడొచ్చు. అన్ని చోట్లా ఒకే కారణం ఉండాలన్న పట్టుదలే ఈ చర్చను ఇన్నాళ్ళు లాగిందని నాకు అనిపిస్తుంది.

చూడాలనుకునేవాళ్ళకు వానాకాలం చివరి రోజులు మంచివి. అప్పటికి ఆడవి పెద్దవై ఉంటాయి. పొద్దున్నే, ఎండ పక్క నుంచి పడేలా నుంచోండి. గూడు ఆనుకున్న కొమ్మను తాకకండి. మీరు మరీ దగ్గరికి వెళితే సాలీడు గూడును ముందుకూ వెనక్కూ జోరుగా ఊపుతుంది, లేదా గూడు అవతలి వైపుకు జారుకుంటుంది. ఒక అడుగు వెనక్కి వేసి ఊరుకుంటే మళ్ళీ కుదురుకుంటుంది. పురుగు పడగానే పురుగు వైపు చూడకండి, సాలీడు వెనక కాళ్ళను చూడండి. ముందు చుట్టిందా, ముందు కరిచిందా అన్నది అక్కడే తెలుస్తుంది. అది రాసుకున్నాక, మూటలో ఉన్నది ఏ పురుగో చూసి పక్కన రాయండి. రెక్కల పురుగు వచ్చేదాకా ఓపిక పట్టగలిగితే సాయంత్రం కూడా ఒకసారి వెళ్ళండి.